బ్రైటన్ తీరము

ఆంగ్లదేశపు దక్షిణతీరమున గులకరాళ్ళపై వలలారవేసికొని బ్రదుకుచుండిన బెస్తవారి బ్రైట్‌హెల్మ్‌స్టన్ నేటి బ్రైటన్ నగరమగుటకు మూలము ఒక వైద్యుని విశ్వాసము. సముద్రజలము గ్రంథివ్యాధులకు దివ్యౌషధమని రిచర్డ్ రస్సెల్ 1750లో లాటిన్ భాషయందు గ్రంథము రచించి, స్నానమేగాక పానమును సైతము విధింపగా, లండన్ ధనికులు బండ్లు కట్టుకొని తరలివచ్చిరి.

ఆ స్నానవిధానము చూడముచ్చటయైనది. చక్రములు గల కొయ్యగదిని గుఱ్ఱము నీటిలోని కీడ్చుకొనిపోవుచుండెను. లోపల బట్టలు మార్చుకొని, వణకుచు మెట్లు దిగిన స్త్రీని, నీట నిలిచియున్న మునుకల మనిషి రెండుచేతులఁ బట్టి అలలో ముంచి లేపుచుండెను. మార్తా గన్ అను నామె యీ వృత్తిలో దేశప్రసిద్ధిఁ గాంచెను. ఆ ఊరి కీర్తికి తరువాత అచటికి వచ్చిన రాకుమారునికంటె ఇట్టి శ్రమజీవులే ఆధారమని నా తలంపు.

1783లో తొలిసారి వచ్చిన యువరాజు జార్జి, తరువాతికాలమున హిందూదేశము నెన్నఁడును జూడని జాన్ నాష్‌చేత గుమ్మటములతో రాయల్ పెవిలియన్‌ను తీర్పించెను. 1841లో రైలు వచ్చినది, సముద్రము సామాన్యులదైనది.

ఆ గుమ్మటముల క్రిందనే, మొదటి ప్రపంచయుద్ధమున, 1914 మొదలు గాయపడిన భారతసైనికులకు చికిత్స జరిగెను. మరణించిన హిందూ, సిక్కు యోధులను దహనముచేసిన కొండవాలుపై, 1921 నుండి, తెల్లని పాలరాతి ఛత్రి యొకటి సముద్రమువంక చూచుచు నిలిచియున్నది.