ప్రయాణ గిరాకీ అంచనా

ఒక నగరంలో రాబోయే 20, 30 సంవత్సరాలలో ఎందరు, ఎక్కడి నుండి ఎక్కడికి, ఏ వాహనంలో, ఏ దారిన ప్రయాణిస్తారో ముందుగా లెక్కకట్టడాన్ని ప్రయాణ గిరాకీ అంచనా అంటారు. నగర రవాణా ప్రణాళికకు ఇది పునాది. ఫ్లైఓవరు ఎంత వెడల్పు ఉండాలి, మెట్రో రైలుకు ఎన్ని పెట్టెలు కావాలి, బస్సు డిపో ఎక్కడ ఉండాలి అన్న నిర్ణయాలన్నీ ఈ అంకెల మీదనే ఆధారపడతాయి. అంకె తప్పితే నష్టం కాగితం మీద ఆగిపోదు. ఎక్కువగా లెక్కిస్తే ఖాళీ పెట్టెలు, తీరని అప్పు మిగులుతాయి. తక్కువగా లెక్కిస్తే కట్టిన కొద్ది ఏళ్ళకే ఆ మార్గం కిక్కిరిసిపోతుంది. ఆ రోడ్డు కోసం ఇళ్ళూ దుకాణాలూ వదులుకున్నవారికి మాత్రం రెండు సందర్భాల్లోనూ పోయినవి తిరిగి రావు.

ప్రయాణం సాధారణంగా ఉత్పన్న గిరాకీ. అనగా, ప్రయాణం కోసమే ప్రయాణం చేసేవారు అరుదు. ఉద్యోగం, బడి, ఆసుపత్రి, సంత, బంధువుల ఇల్లు – వీటి కోసం మనిషి కదులుతాడు. కాబట్టి రోడ్డును ఎంత పరిశీలించినా గిరాకీకి మూలం కనబడదు. అది నగరంలోని భూమి వినియోగంలో, అనగా ఇళ్ళు ఎక్కడ, పనులు ఎక్కడ అన్నదానిలో ఉంటుంది.

చరిత్ర

20వ శతాబ్దపు తొలి సగంలో ఇంజనీర్లు రోడ్డు మీద వాహనాలను లెక్కించి, ఏటా ఇంత శాతం పెరుగుతుందని గుణించి అంచనా వేసేవారు. ఈ పద్ధతి ఉన్న రోడ్డు గురించి కొంత చెప్పగలదు గాని, లేని రోడ్డు గురించి ఏమీ చెప్పలేదు. 1950లలో అమెరికాలో ఈ స్థితి మారింది. 1953లో మొదలైన డెట్రాయిట్ అధ్యయనం, ఆ తరువాత 1955లో మొదలైన షికాగో ప్రాంత రవాణా అధ్యయనం ఇంటింటి సర్వేలు జరిపి, ప్రయాణాలకూ భూమి వినియోగానికీ ఉన్న సంబంధాన్ని సూత్రబద్ధం చేశాయి. రెండింటికీ సారథి జె. డగ్లస్ కారల్. షికాగో బృందం కార్టోగ్రాఫట్రాన్ అనే పరికరాన్ని వాడింది. ఒక్కొక్క ప్రయాణం మొదలైన చోటు నుండి ముగిసిన చోటుకు కాంతిగీత గీసి, వేలాది గీతలను ఒకే ఫోటోగా మలిచే యంత్రమది. కంప్యూటర్లు గదులంత పెద్దవిగా ఉన్న రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు.

1962లో అమెరికా ప్రభుత్వం చేసిన రహదారుల చట్టం, 50,000కు పైగా జనాభా గల పట్టణ ప్రాంతాలకు కేంద్ర నిధులు అందాలంటే నిరంతర, సమగ్ర రవాణా ప్రణాళిక ఉండాలని నిబంధన పెట్టింది. దానితో షికాగో పద్ధతి దేశమంతటా పాకి, సలహాదారు సంస్థల ద్వారా ఇతర ఖండాలకు చేరింది. హైదరాబాదుకు 1980లలో వరంగల్లులోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (ఇప్పటి ఎన్.ఐ.టి.) రవాణా అధ్యయనం చేసింది. 2010ల మొదట్లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ మరొక సమగ్ర అధ్యయనం చేయించింది.

నాలుగు అంచెల పద్ధతి

నగరాన్ని కొన్ని వందల జోన్లుగా విభజించి, ప్రతి జోనులోని జనాభా, ఉద్యోగాలు, వాహనాలు, ఆదాయం వివరాలు సేకరించిన తరువాత లెక్క నాలుగు అంచెలలో సాగుతుంది.

మొదటి అంచెలో ఒక్కొక్క జోను నుండి రోజుకు ఎన్ని ప్రయాణాలు బయలుదేరుతాయో, ఎన్ని వచ్చి చేరుతాయో కనుగొంటారు. ఇంట్లో ఎందరు ఉన్నారు, ఎందరు సంపాదిస్తున్నారు, బండి ఉన్నదా అన్న విషయాలను బట్టి ఇది మారుతుంది.

రెండవ అంచెలో బయలుదేరినవారు ఏ జోనుకు వెళతారో పంచుతారు. ఇందుకు ఎక్కువగా వాడేది గురుత్వాకర్షణ నమూనా. న్యూటన్ సూత్రంలో ద్రవ్యరాశి ఉన్న చోట ఇక్కడ ఉద్యోగాల సంఖ్య, దూరం ఉన్న చోట ప్రయాణ కాలం ఉంటాయి. ఉదాహరణకు 'క' జోను నుండి 1,000 మంది పనికి బయలుదేరుతారనుకుందాం. 20 నిమిషాల దూరంలోని 'చ' జోనులో 4,000 ఉద్యోగాలు, 40 నిమిషాల దూరంలోని 'ట' జోనులో 6,000 ఉద్యోగాలు ఉన్నవి. ఆకర్షణ కాలవర్గానికి విలోమంగా ఉంటే 'చ' బలం 4,000ను 400తో భాగించగా 10. 'ట' బలం 6,000ను 1,600తో భాగించగా 3.75. వేయి మందిలో 727 మంది 'చ'కు, 273 మంది 'ట'కు వెళతారని లెక్క. ఇప్పుడు 'ట'కు కొత్త రోడ్డు వేసి ప్రయాణాన్ని 25 నిమిషాలకు తగ్గిస్తే దాని బలం 9.6 అవుతుంది; సుమారు సగం మంది అటు మళ్ళుతారు. రోడ్డు వేయడం వలన గమ్యమే మారుతుందని ఈ చిన్న లెక్క తెలుపుతుంది. వర్గానికి బదులు ఏ ఘాతం వాడాలన్నది ఆ నగరపు సర్వే నుండే తేల్చుకోవాలి. ఇంకొక నగరపు అంకెను తెచ్చి అతికించడం పెద్ద పొరపాటు.

మూడవ అంచె ప్రయాణ సాధనం ఎంపిక: బస్సా, రైలా, స్కూటరా, కారా అన్నది. దీని గురించి దిగువ విడిగా వ్రాయబడినది.

నాలుగవ అంచెలో వాహనాలను దారుల మీదకు పంపుతారు. ఇక్కడి చిక్కు ఏమిటంటే, అందరూ దగ్గర దారినే ఎంచుకుంటే అది దగ్గర దారిగా మిగలదు. 1952లో జాన్ గ్లెన్ వార్‌డ్రాప్ దీనికి ఒక సమతాస్థితిని నిర్వచించాడు: దారి మార్చుకోవడం వల్ల ఏ ఒక్కరికీ కాలం కలిసిరాని స్థితి అది. రద్దీతో ఆలస్యం ఎలా పెరుగుతుందో చెప్పడానికి అమెరికా రహదారుల విభాగం 1964లో ప్రచురించిన సూత్రం నేటికీ వాడుకలో ఉన్నది. దాని ప్రకారం ఖాళీ రోడ్డు మీద 10 నిమిషాలు పట్టే ప్రయాణానికి, రోడ్డు సామర్థ్యంలో సగం వాహనాలు ఉన్నప్పుడు దాదాపు 10 నిమిషాలే పడుతుంది. సామర్థ్యం నిండితే 11.5 నిమిషాలు, దానికి ఒకటిన్నర రెట్లు వస్తే 17.6 నిమిషాలు. అనగా రోడ్డు చాలాసేపు ఓర్చుకొని, తరువాత ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. పండుగ ముందురోజు బస్టాండు దారిలో ఇరుక్కున్నవారికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

మెక్‌ఫాడెన్ పరీక్ష

అంచనాను ముందుగా వ్రాసిపెట్టి, తరువాత వాస్తవంతో పోల్చి చూసిన సందర్భాలు తక్కువ. వాటిలో ప్రసిద్ధమైనది శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బార్ట్ రైలు. ఇది 1972లో మొదలై, 1974లో సముద్రఖాతం కింది సొరంగం ద్వారా నగరంలోకి ప్రవేశించింది. ఉద్యోగాలకు వెళ్ళేవారిలో 15 శాతం ఈ రైలు ఎక్కుతారని అధికారిక అంచనా. బర్క్‌లీలోని ఆర్థికశాస్త్రవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం రైలు రాకముందే ప్రయాణికులను ప్రశ్నించి, ఒక్కొక్క మనిషి తనకు దొరికే సాధనాలలో ఖర్చు, కాలం, నడక, నిరీక్షణలను బేరీజు వేసి ఎంచుకుంటాడనే నమూనా నిర్మించింది. ఆ నమూనా చెప్పినది 6.3 శాతం. వాస్తవంగా ఎక్కినది 6.2 శాతం. నమూనా ఉపభాగాలలో తప్పులు ఉన్నాయనీ, మొత్తం ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉన్నదనీ ఆయనే చెప్పుకున్నాడు. ఎంపిక సిద్ధాంతానికి గాను 2000లో మెక్‌ఫాడెన్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. జేమ్స్ హెక్‌మన్‌తో కలిసి ఆయన దానిని పంచుకున్నాడు.

మన నగరాలలో లెక్కింపు చిక్కులు

కార్ల దేశంలో పుట్టిన ఈ పద్ధతి మన వీధులలో కొంత ఇబ్బంది పడుతుంది. బస్సు, ఆటో, మోటారుసైకిలు, తోపుడుబండి ఒకే రోడ్డు మీద నడిచే చోట అన్నిటినీ 'కారు యూనిట్లు'గా మార్చి లెక్కిస్తారు. భారత రోడ్ల కాంగ్రెస్ 1990లో ఇచ్చిన మార్గదర్శకాలలో పట్టణ రోడ్ల మీద కారు 1 అయితే, ద్విచక్ర వాహనం 0.5 నుండి 0.75, బస్సు 2.2 నుండి 3.7. ఈ పట్టికను శ్రద్ధగా చదవాలి. యాభై మందిని మోసే బస్సు ఇందులో మూడు కార్లకు సమానమైన అడ్డంకిగా మాత్రమే కనిపిస్తుంది. అందులోని మనుషులు కనిపించరు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, కదలవలసినది వాహనాలు కాదు మనుషులు అని స్పష్టంగా చెప్పడానికి ఇటువంటి లెక్కలే కారణం.

నడకది మరీ దీనమైన పరిస్థితి. 2011 జనాభా లెక్కలలో పనికి వెళ్ళే దూరం, సాధనం అడిగారు (వ్యవసాయం, కుటీర పరిశ్రమలలో ఉన్నవారిని ఇందులో చేర్చలేదు). నడిచి వెళ్ళేవారు, సైకిలు మీద వెళ్ళేవారు కలిసి కారులో వెళ్ళేవారి కంటే అనేక రెట్లు ఉన్నట్లు తేలింది. వాహనాల లెక్కతో మొదలయ్యే అధ్యయనంలో వీరికి చోటుండదు, కాబట్టి కట్టే రోడ్డులోనూ చోటుండదు. ఇళ్ళలో పనిచేసే స్త్రీ ఉదయాన నాలుగు ఇళ్ళు నడిచి తిరిగితే అవి నాలుగు ప్రయాణాలే. సర్వే ఇంటిపెద్దనే అడిగితే అవి నమోదు కావు. షేర్ ఆటోలది ఇంకొక తీరు. వాటికి వేళాపట్టిక లేదు, చాలా చోట్ల అధికారికమైన దారీ లేదు.

రోడ్డు వేస్తే గిరాకీ పెరగడం

అంచనా వేసిన వస్తువే అంచనా వలన మారిపోవడం ఈ శాస్త్రంలోని అసలు కష్టం. బ్రిటన్ ప్రభుత్వం 1989లో, 2025 నాటికి రోడ్డు రద్దీ 83 నుండి 142 శాతం పెరుగుతుందని అంచనా వేసి, అందుకు తగినట్లు పెద్ద ఎత్తున రోడ్లు ప్రతిపాదించింది. వాస్తవంలో పెరుగుదల కనిష్ఠ అంచనాకు కూడా చాలా దూరంలో ఆగిపోయింది. ఈలోగా 1994లో అక్కడి ప్రభుత్వ సలహా సంఘం, కొత్త రోడ్లు ఉన్న రద్దీని తగ్గించడమే గాక కొత్త ప్రయాణాలను పుట్టిస్తాయని నివేదించింది. అమెరికా నగరాలను పరిశీలించిన డురాంటన్, టర్నర్ 2011లో ప్రకటించిన ఫలితం ఇంకా సూటిగా ఉన్నది: జాతీయ రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాల ప్రయాణం ఇంచుమించు అంతే శాతం పెరిగింది.

దీనికి విపర్యయం కూడా నిజమే. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2003లో చియోంగ్యెచియోన్ వాగు మీది ఎత్తైన రహదారిని కూల్చి, 2005 నాటికి వాగును మళ్ళీ పారించారు. బస్సులను మెరుగుపరచడంతో నగరం స్తంభించిపోతుందన్న భయం నిజం కాలేదు.

అంచనాలు తప్పడానికి కారణాలు

బెంట్ ఫ్లూబ్యా బృందం 14 దేశాలలోని 210 ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించింది. రైలు ప్రాజెక్టులలో పదింట తొమ్మిదికి అంచనా ఎక్కువగా వేశారు. సగటున అనుకున్నవారిలో సగం మంది కూడా ఎక్కలేదు. రోడ్డు ప్రాజెక్టులలో సగానికి అంచనా 20 శాతానికి మించి అటో ఇటో తప్పింది. లెక్కల లోపమే అయితే తప్పులు రెండు వైపులా సమానంగా ఉండాలి. రైళ్ళ విషయంలో దాదాపు అన్నీ ఒకే వైపుకు ఒరగడం, ప్రాజెక్టు మంజూరు కావాలనే కోరిక అంకెలోకి చొరబడుతున్నదని సూచిస్తుంది.

హైదరాబాద్ మెట్రో దీనికి దగ్గరి ఉదాహరణ. 2008లో మైటాస్ నేతృత్వంలోని కూటమి ప్రభుత్వ సహాయం ఏమీ అడగకపోగా, తానే ఎదురు 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానని పాట పాడి ప్రాజెక్టును దక్కించుకున్నది. ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్, ఇది రైలు ఆదాయాన్ని చూసి కాక భూముల లాభాన్ని చూసి వేసిన పాట అని ప్రణాళికా సంఘానికి వ్రాశారు. సత్యం కుంభకోణం తరువాత 2009లో ఆ ఒప్పందం రద్దయింది. మళ్ళీ పిలిచిన టెండర్లలో 2010లో ఎల్ అండ్ టి సంస్థ 1,458 కోట్ల సహాయం అడిగి ప్రాజెక్టును పొందింది. నగరం ఒకటే, తేడా రెండేళ్ళే. ఒకరు ఇస్తామన్నారు, ఇంకొకరు ఇవ్వమన్నారు.

రోజుకు 2014లో 15 లక్షలు, 2024 నాటికి 22 లక్షల ప్రయాణికులు అని అప్పటి అంచనా. మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 69 కిలోమీటర్లు పూర్తి అయ్యాయి గాని, జనసమ్మర్దం గల పాతబస్తీలోకి, ఫలక్‌నుమా వరకు వెళ్ళవలసిన భాగం కట్టలేదు. ఆ వెంటనే కరోనా వచ్చి 2020లో నెలల తరబడి రైళ్ళు ఆగాయి, తరువాత ఇంటి నుండి పని అలవాటయింది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. 2023-24లో మెట్రో ఎక్కినవారు రోజుకు నాలుగున్నర లక్షల ప్రాంతంలో ఉన్నారు. నష్టాల నేపథ్యంలో 2025 సెప్టెంబరులో సంస్థ వాటాను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయమైన అంగీకారం కుదిరింది. కరోనాను ఏ నమూనా ఊహించలేదు, నిజమే. కాని స్టేషను నుండి ఇంటికి చేరే చివరి కిలోమీటరు కష్టం, పాతబస్తీ భాగం ఆగిపోవడం వంటివి ముందే లెక్కలో పరీక్షించి చూడదగిన విషయాలు.

కొత్త పద్ధతులు

ప్రయాణాలను విడివిడిగా కాక, ఒక మనిషి ఉదయం నుండి రాత్రి వరకు చేసే పనుల గొలుసుగా చూసే నమూనాలు 1990ల నుండి వృద్ధి చెందాయి. పిల్లను బడిలో దింపి, అటునుండి ఆఫీసుకు, వచ్చేటప్పుడు కూరగాయలకు వెళ్ళే తల్లి ప్రయాణం నాలుగు అంచెల పద్ధతికి సరిగా చిక్కదు. ఈ నమూనాలకు చిక్కుతుంది. సెల్‌ఫోను సంకేతాల నుండి, మెట్రో కార్డుల నుండి రాకపోకల వివరాలు తేలికగా లభిస్తున్నాయి. అయితే ఇవి ఎక్కడి నుండి ఎక్కడికి అన్నది చెబుతాయి గాని ఎందుకు అన్నది చెప్పవు, ఫోను లేనివారిని అసలు చూడవు. అందుకని ఇంటింటి సర్వే ఇంకా అవసరమవుతూనే ఉన్నది. ఒకే అంకెకు బదులు కనిష్ఠ, గరిష్ఠ హద్దులతో అంచనా ఇవ్వడం, గతంలో కట్టిన అటువంటి ప్రాజెక్టుల అనుభవంతో దానిని సరిపోల్చడం కూడా కొన్ని దేశాలలో ఆచరణలోకి వచ్చాయి.