ఖజానా గుమాస్తా దూరదర్శిని

పెరటిలో చిన్న దూరదర్శినిని నిలుపుకొన్నవాని చూపు మొదట గ్రహముల మీదికే పోవును. మూడంగుళముల కటకము చాలును; గురుని నాలుగు చంద్రులు ఒక్క రాత్రిలోనే చోటు మారుటయు, శుక్రుడు నెలవంకయై సన్నగిల్లుటయు, శని వలయమును కానవచ్చును. 1610లో గెలీలియోకు కలిగిన ఆశ్చర్యము నేటికిని ఎవరికైనను కలుగును. అయితే ఇరువదవ శతాబ్ది నాటికి గ్రహములను గూర్చి పెరటి పరికరము క్రొత్తగా చెప్పగలిగినది స్వల్పము. మరి అట్టి పరికరముతో శాస్త్రమునకు ఉపకరించు మార్గమేది? దీనికి సమాధానము రాధాగోవింద చంద్ర (1878–1975) జీవితమున కలదు.

ఆయన స్వగ్రామము జెస్సోరు సమీపమునందలి బాగ్‌చర్, నేడది బంగ్లాదేశములోనిది. ప్రవేశపరీక్షలో ఆయన ఉత్తీర్ణుడు కాలేకపోయెను. జిల్లా ఖజానాలో నాణెములు పరీక్షించు చిన్న కొలువు దొరకినది. 1910లో హేలీ తోకచుక్కను దుర్భిణితో చూచి ఒక వ్యాసము వ్రాసెను. అది చదివిన శాంతినికేతన ఉపాధ్యాయుడు జగదానంద రాయ్ దూరదర్శిని కొనుమని ప్రోత్సహించెను. 1912లో ఇంగ్లండు నుండి మూడంగుళముల దూరదర్శిని వచ్చెను. ఆ జీతగాని కిది సామాన్యమైన సాహసము కాదు.

1918 జూన్‌లో గరుడమండలమున హఠాత్తుగా వెలిగిన నవతారను ఆయన తనంతట గుర్తించెను. ఆ వార్త హార్వర్డు వేధశాలకు చేరినది. పిమ్మట ఆయన చరకాంతి నక్షత్రములను, అనగా వెలుగు పెరుగుచు తరుగుచు నుండు వానిని, పరిశీలించు అమెరికా సంఘమున చేరెను. ఇచ్చట పెద్ద కటకము కన్న ఓర్పు ముఖ్యము. స్థిరమైన వెలుగు గల పొరుగు నక్షత్రములతో పోల్చి చూచి, తేడాను అంచనా వేయవలెను. మంచి రూపాయి ప్రక్కన అనుమానపు రూపాయి నుంచి చూచుటకు అలవడిన కంటికి ఈ పని పరాయిదిగా తోచి యుండదని నా ఊహ.

1926లో ఆ సంఘము ఆరంగుళములకు మించిన దూరదర్శినిని ఆయనకు ఎరువుగా పంపెను. 1954 వరకు ఆయన పంపిన పరిశీలనలు 37,000కు పైచిలుకు. ఈలోగా దేశవిభజనము ఆయన ఊరిని పరదేశమును చేసినది. తుదకు పశ్చిమ బెంగాలుకు వలస రావలసివచ్చెను.

ఆయన పరిశీలనలు మానిన పిమ్మట, ఎరువు సొత్తగు దూరదర్శిని వైను బప్పునకు అప్పగింపబడెను. హైదరాబాదులో పెరిగిన ఈ శాస్త్రజ్ఞుని తండ్రి అచ్చటి నిజామియా వేధశాలలో పనిచేసినవాడు. తమిళనాడులోని కావలూరు వేధశాల బప్పు కృషి ఫలితము. 1977 మార్చి 10న యురేనస్ వలయముల జాడను నమోదు చేసిన వేధశాలలలో అదియు నొకటి. ఆ పని ఒక మీటరు దూరదర్శినిది. జెస్సోరు పెరటిలోని ఆరంగుళముల దూరదర్శినియు చివరకు ఆ ఆవరణమునకే చేరినది.