తుపాకి తాపు - ఇల్లాలి భుజము

హైదరాబాదు సంస్థానములో 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణా సాయుధ పోరాటమును గూర్చి చదివినవారికి మధిర ప్రాంతము కొత్తది కాదు. ఆనాడు మధిర తాలూకా వరంగల్లు జిల్లాలో నుండెను. ఖమ్మము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1953లో. తాలూకా పొలిమేర దాటినచో కృష్ణా జిల్లా, అనగా 1947 వరకు నిజాము రాజ్యము ముగిసి బ్రిటిషు ఇండియా మొదలయ్యెడి చోటు. 1948 సెప్టెంబరులో భారత సైన్యము సంస్థానములో ప్రవేశించిన పిమ్మట దళములు పెక్కు మైదానమును విడిచి పాల్వంచ, ఇల్లందు వైపున గోదావరి అడవులలోనికి జరిగినవి. తెలంగాణా దళములలో స్త్రీలును ఉండిరి. భార్యాభర్తలు ఇరువురును పోరాటమున దిగిన కుటుంబములు కలవు. నల్లగొండ జిల్లాకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి దంపతులు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కమలాదేవిగారు తరువాత 1952లో ఆలేరు నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి.

ఆ పోరాటపు మంచిచెడ్డలను చరిత్రకారులకు వదలుదము. మనము ఒక్క ప్రశ్నను మాత్రము తీసికొందము. ఒక ఇంట పాత సైనిక రైఫిళ్లు నాలుగైదు రకములవి ఉన్నవనుకొనుడు. ఇల్లాలు బక్కపలుచని మనిషి. కాల్చుట నేర్వవలెనని యున్నది గాని తుపాకి తాపునకు జంకుచున్నది. భర్త దేనిని తీసి ఆమె చేతికి ఈయవలెను? ఎవరిని అడిగినను సామాన్యముగా వచ్చు జవాబు ఒక్కటే: "అన్నిటిలో తేలికైనది, పొట్టిది ఈయవలెను." ప్రేమతో చెప్పిన మాటయే. కాని లెక్క వేసి చూచినచో ఇది తలక్రిందులైన సలహా.

భద్రాచలము రేవులో పడవ మీది నుండి గట్టుకు దూకినవానిని చూడుడు. అతడు ముందుకు పోవును, పడవ వెనుకకు పోవును. నిండు బరువుతో ఉన్న పెద్దపడవయైనచో కదలిక కంటికి కనబడదు. చిన్న దోనెయైనచో దూకువాడు నీటిలో పడినను ఆశ్చర్యము లేదు. తుపాకి విషయమును ఇంతే. గుండు ఎంత ద్రవ్యవేగముతో ముందుకు పోవునో, తుపాకి అంత ద్రవ్యవేగముతో వెనుకకు వచ్చును. న్యూటను 1687లో ప్రకటించిన మూడవ నియమమునకు ఇంతకంటె గట్టి సాక్ష్యము భుజమునకు దొరకదు.

దీనిని కొలుచు పద్ధతులు పద్దెనిమిదవ శతాబ్దిలోనే పుట్టినవి. ఇంగ్లండులో బెంజమిను రాబిన్సు అను గణితజ్ఞుడు 1742లో ఫిరంగి శాస్త్రముపై ఒక గ్రంథము వెలువరించెను. బరువైన లోలకమును వ్రేలాడదీసి, దానిలోనికి గుండును కాల్చి, లోలకము ఎంత ఊగినదో చూచి గుండు వేగమును లెక్కించుట ఆయన పద్ధతి. ఈ రాబిన్సు మనకు పరాయివాడు కాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో కోటల ఇంజనీరుగా దక్షిణదేశమునకు వచ్చి, 1751లో కడలూరు వద్ద సెంటు డేవిడు కోటలో మరణించెను. తరువాత 1781లో రమ్‌ఫర్డు అను పేరుతో ప్రసిద్ధికెక్కిన బెంజమిను థాంసను తుపాకినే వ్రేలాడదీసి, అది వెనుకకు ఎంత ఊగునో కొలిచెను. గుండు లేకుండ వట్టి మందు మాత్రమే కూరి కాల్చినను తుపాకి తన్నుట మానలేదు. అనగా తాపులో గుండు వాటా ఒకటి, మందు మండి వెలువడు వాయువుల వాటా మరియొకటి. ఈ రెండవదానిని మన పాఠ్యపుస్తకములలోని లెక్కలు చాలవరకు మరచిపోవును.

మన దేశపు సైన్యములోను, పోలీసులోను ఎక్కువకాలము నిలిచిన రైఫిలు .303 లీ-ఎన్‌ఫీల్డు. బెంగాలులోని ఈశాపురము కర్మాగారములో 20వ శతాబ్ది మొదటి దశకము నుండి ఇది తయారైనది. దీని గుండు బరువు 11.3 గ్రాములు, వేగము సెకనుకు ఇంచుమించు 744 మీటర్లు. గుండు ద్రవ్యవేగము 0.0113 × 744, అనగా 8.4. తూటాలోని మందు సుమారు 2.4 గ్రాములు, దాని వాయువులు గుండుకంటె వడిగా దూసుకొనిపోవును గనుక వాటి వాటా ఇంచుమించు 3. మొత్తము సెకనుకు 11.4 కిలోగ్రాము-మీటర్లు. రైఫిలు బరువు 3.93 కిలోగ్రాములు. కనుక తుపాకి సెకనుకు 2.9 మీటర్ల వేగముతో వెనుకకు వచ్చును. దాని గతిజశక్తి సుమారు 16.5 జౌళ్లు.

ఇప్పుడు తేలికైనదానిని చూతము. రెండవ ప్రపంచయుద్ధపు చివర, 1944లో, అడవి యుద్ధమునకని బ్రిటిషువారు ఇదే .303 రైఫిలును కోసి, చెక్కి, పొట్టి చేసిరి. ఐదవ నంబరు రైఫిలు దాని అసలు పేరు. 'జంగిలు కార్బైను' వాడుక పేరు. బరువు 3.2 కిలోగ్రాములకు దిగినది. తూటా మాత్రము అదే. గొట్టము పొట్టిదైనందున గుండు వేగము కొద్దిగా తగ్గును, దానిని ప్రస్తుతము విడిచిపెట్టుదము. అదే 11.4ను 3.2తో భాగించినచో వేగము 3.56 మీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటును. ద్రవ్యవేగము మారనప్పుడు తాపు శక్తి తుపాకి బరువునకు విలోమానుపాతములో ఉండును. బరువులో ఐదవ వంతు తీసివేసిన నేరమునకు భుజము దాదాపు నాలుగవ వంతు అధిక పన్ను కట్టవలెను. చాలదన్నట్లు గొట్టము కురుచయైనందున చప్పుడును, మంటయు పెరిగినవి. మంటను కప్పుటకు గొట్టము కొనకు గరాటు వంటి తొడుగు పెట్టిరి. భుజమునకు ఒరుసుకొను చోట రబ్బరు మెత్త పెట్టిరి గాని అది మడమ వెడల్పు కంటె సన్ననిది; దెబ్బ తక్కువ వైశాల్యముపై పడును. పైగా ఎనుబదియేండ్లనాటి రబ్బరు నేడు కొయ్యవలె గట్టిపడియుండును. కనుక పాత తుపాకులలో మెత్త కనబడినంతనే సంతోషింపరాదు, గోటితో నొక్కి చూడవలెను.

అడవిలో చంకన పెట్టుకొని పది మైళ్లు నడచుటకు కార్బైను మంచిది. నడకకు తేలిక, కాల్పునకు బరువు. ఈ రెండు కోరికలు ఒకదానికొకటి విరోధులు. సైనికుడు రోజంతయు మోసి, కొన్ని నిమిషములు మాత్రమే కాల్చును గనుక సైన్యములు తేలికవైపు మొగ్గినవి. గురిపందెములకు పోవువారు మోయునది తక్కువ, కాల్చునది ఎక్కువ గనుక బరువైన తుపాకిని కోరుకొందురు. మన ఇల్లాలు ఈ రెండవ కోవకు చెందినది.

పాతదనముతోపాటు మృదుత్వము వచ్చునని కొందరి భ్రమ. 1871లో వచ్చిన మార్టిని-హెన్రీ రైఫిలు ఈ భ్రమను పోగొట్టును. దాని సీసపు గుండు 31 గ్రాములు, నల్లమందు 5.5 గ్రాములు, తుపాకి బరువు 3.8 కిలోగ్రాములు. లెక్క వేసినచో తాపు శక్తి .303కు ఇంచుమించు రెట్టింపగును. ఆఫ్రికాలో 1879 నాటి జూలూ యుద్ధమున దీనిని గంటల తరబడి కాల్చిన సోల్జర్ల భుజములు కమిలిపోయినవి. 1857 తరువాత భారతీయ సిపాయిలకు గోరాలకంటె ఒక తరము వెనుకటి తుపాకి ఇచ్చుట ప్రభుత్వ విధానము గనుక, వారు కొత్త రైఫిలు చేపట్టినప్పుడు ఈ మార్టిని మన సిపాయిల భుజమునకు సంక్రమించినది. అవిశ్వాసము కూడ ఒక్కొక్కప్పుడు జౌళ్లలో కొలువవచ్చును.

ఆ విధానపు చివరి కొస మరియొకటి కలదు. ఈశాపురములో .303 రైఫిళ్లను మార్చి, పోలీసులకని .410 మస్కెట్లు చేసిరి. గొట్టము లోపల మరలు లేవు, ఒక్కసారికి ఒక్కటే తూటా. ఎవరైన ఎత్తుకొనిపోయినను పనికిరాకుండుటే దాని సుగుణము.

తెలంగాణా దళముల చేతిలో నున్నవి వీటికంటె చిల్లరవి. పల్లెలలో దొరికిన భర్మారులు, అనగా మూతి నుండి మందు, గుండు కూరి గజముతో దట్టించు నాటు తుపాకులు, మొదట ముఖ్యమైనవి. 12 బోరు వేట తుపాకులు, పట్టుకొన్న .303లు, కొన్ని స్టెన్ గన్నులు పిదప చేరినవి. స్టెన్ గన్ను తూటా పిస్తోలు తూటాయే, గుండు ద్రవ్యవేగము.303లో మూడవ వంతునకు మించదు. భర్మారు సంగతి వేరు. దాని తాపునకు కట్టుబాటైన అంకె లేదు. చిటికెడు మందు ఎక్కువ పడినచో తాపు పెరుగును, ఇంకను ఎక్కువైనచో గొట్టమే పగులును. కర్మాగారపు తూటా ప్రతిసారి ఒకే విధముగా తన్నును. శరీరము దానికి అలవాటు పడగలదు. ఈసారి ఎట్లు తన్నునో తెలియని తుపాకికి అలవాటు పడుట అసాధ్యము. తాపునకు జంకు మనిషికి అన్నిటికంటె చెడ్డ తుపాకి ఏదనగా ఇదియే యని నా అభిప్రాయము.

బరువు తరువాత చూడవలసినది పొడవు, గొట్టము పొడవు కాదు, మడమ పొడవు. ట్రిగ్గరు నుండి మడమ చివరకు గల దూరము చేతి పొడవునకు తగినట్లుండవలెను. ఎక్కువైనచో కురచ చేతుల మనిషి తుపాకిని భుజపు గుంటలో ఇముడ్చుకొనలేక, భుజము చివరి ఎముకపై ఆనించును. లేదా చంకక్రిందికి జార్చును. దెబ్బ కండపై గాక ఎముకపై పడును. లీ-ఎన్‌ఫీల్డుకు ఇక్కడ ఒక గొప్ప వీలున్నది. దాని కొయ్య ఒకే ముక్క కాదు. మడమ వేరు, ముందుభాగము వేరు. లోపల ఒక పొడుగాటి బోల్టు విప్పినచో మడమ ఊడివచ్చును. అందుచేత నాలుగు కొలతల మడమలు చేసిరి: సామాన్యము, దానికంటె అర అంగుళము పొడవైనది, అర అంగుళము పొట్టిది, ఒక అంగుళము పొట్టిదగు 'బాంటము'. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఐదడుగుల మూడంగుళముల ఎత్తు లేనివారిని సైన్యము త్రిప్పి పంపుచుండగా, అట్టివారితోనే 1914 చివర ప్రత్యేక పటాలములు లేచినవి. బాంటము అను కోడిజాతి పేరు వాటికి పెట్టిరి. మడమకును ఆ పేరే.

పొట్టి మగవానికొరకు సైన్యము మడమను కొలిచినది గాని స్త్రీ భుజమును ఎవరును కొలువలేదు. 1943లో సింగపూరులో శిక్షణ ప్రారంభించిన ఆజాదు హిందు ఫౌజు ఝాన్సీరాణి దళములో మలయా రబ్బరు తోటల నుండి వచ్చిన యువతులు ఎందరో ఉండిరి. వారు నేర్చినది మగవారి రైఫిలుతోనే. అదే ఏడు సోవియటు దేశములో స్త్రీల కొరకు ప్రత్యేకముగా గురికాండ్ర శిక్షణాలయము వెలసినది; పాఠశాల ప్రత్యేకము గాని మోసిను-నగాంతు రైఫిలు అందరిదే, బరువు సుమారు 4 కిలోగ్రాములు. వారు కాల్చగలిగిరి. ఎట్లు?

కొంత సమాధానము మన లెక్కలోనే యున్నది. తుపాకిని భుజమునకు తాకీతాకనట్లు పట్టుకొన్నచో అది 2.9 మీటర్ల వేగమును ముందుగా సంపాదించుకొని, ఆపైన సుత్తివలె వచ్చి తాకును. భయపడినవారు సరిగా ఇదే చేయుదురు. తుపాకిని ఒంటికి దూరముగా ఉంచుదురు. గట్టిగా ఒత్తిపట్టినచో తుపాకి, మనిషి ఒకే వస్తువగును. 45 కిలోల ఇల్లాలు, 4 కిలోల తుపాకి కలిసి 49. ఆ 11.4ను 49తో భాగించినచో 0.23 మీటర్లు. ఇది దెబ్బ కాదు, నెట్టు. ఒక కాలు ముందుకు వేసి, నడుము కొద్దిగా ముందుకు వంచినచో ఆ నెట్టును కాళ్లు భరించును.

మిగిలిన సగము మనస్సులో నున్నది. చప్పుడు, మంట, తాపు మూడును ఒకేసారి వచ్చును గనుక మెదడు వాటిని విడదీయలేదు. చెవులు మూసినచో తాపు కూడ తగ్గినట్లు తోచును. ముందుగానే ఉలికిపడి ట్రిగ్గరును గుంజు అలవాటును కనిపెట్టుటకు శిక్షకులు ఒక ఉపాయము చేయుదురు. నిజమైన తూటాల నడుమ ప్రేలని వట్టి తూటా ఒకటి, కాల్చువానికి తెలియకుండ కలిపి ఈయుదురు. తుపాకి ప్రేలకున్నను గొట్టపు మూతి ఎగిరిపడినచో దోషము భుజములో లేదన్నమాట.

ఈ ఉలికిపాటు రాకుండ నేర్పుటకు .22 రైఫిలు ఉన్నది. .303 శరీరములోనే సన్నని .22 గొట్టము బిగించి శిక్షణ రైఫిళ్లు చేసిరి. బరువు అంతే, బోల్టు అంతే. గుండు మాత్రము 2.6 గ్రాములు, వేగము సుమారు 330 మీటర్లు. తాపు శక్తి ఒక జౌలులో ఎనిమిదవ వంతు. 1949లో నేషనలు కేడెటు కోరులో బాలికల విభాగము ఏర్పడిన తరువాత మన ఆడపిల్లలు వేలకొలది మొదటిసారి గురి చూచినది .22 రైఫిలుతోనే.

కావున నన్నడిగినచో భర్తకు చెప్పునది ఇది: కార్బైనును గోడకే వ్రేలాడనిమ్ము. మార్టినిని ముట్టకుము. పొడుగాటి, బరువైన పాత .303 తీసికొని దానికి పొట్టి మడమ వేయుము. అంతకుముందు కొన్ని వారములు.22తో నడుపుము. ఇది ఊహలోని భర్తకు చెప్పుమాట. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద .303 నిషిద్ధ బోరు. సామాన్య పౌరునకు లైసెన్సు రాదు. పౌరుల కొరకు ఈశాపురము అదే లీ-ఎన్‌ఫీల్డు యంత్రముతో .315 వేట రైఫిలు చేసినది. పోలీసులలోను .303 క్రమముగా తొలగినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26న దానికి వీడ్కోలు పలికిరి.

మీ జిల్లాలో ఏ కళాశాల ఎన్.సి.సి. గదిలోనైనను కవాతుకు వాడిన పాత రైఫిలు ఉన్నచో, అధికారి అనుమతితో దాని మడమ పైభాగమును విద్యార్థులకు చూపుడు. ఎల్ అను ఇంగ్లీషు అక్షరమున్నచో పొడవైనది, ఎస్ అయినచో పొట్టిది, బి అయినచో బాంటము. అక్షరమేమియు లేనిచో సామాన్యము.