మజిలీకి అనుమతి: బ్రిటన్ కారవాన్ క్లబ్బుల స్థానిక శాఖలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటన్‌లో బండినే ఇల్లుగా చేసుకొని విహారానికి వెళ్లేవారు 20వ శతాబ్దారంభంలో సంఘాలుగా ఏర్పడ్డారు. ఆ సంఘాల స్థానిక శాఖలు వారాంతపు కలయికలను నడిపే చిన్న సమితులుగానే పైకి కనిపిస్తాయి. అయితే 1960 నాటి కారవాన్ స్థలాల చట్టం తరువాత ఈ శాఖలు స్థానిక ప్రభుత్వం చేయవలసిన పర్యవేక్షణను తామే స్వీకరించి, అందుకు ప్రతిగా తమ సభ్యులకు మజిలీ స్వేచ్ఛను సంపాదించిపెట్టాయి. అదే చట్టం జిప్సీల మజిలీలను మూసివేయడానికి సాధనమైంది. ఈ రెండు పరిణామాలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కారవాన్, మోటార్‌హోమ్, స్థానిక శాఖ, మినహాయింపు, జిప్సీలు, సంచారం, మజిలీ.

1. ఉపోద్ఘాతం

'కారవాన్' అనే మాటకు తెలుగులో 'బిడారు' అనే సమానార్థకం ఉంది. కాని ఆ మాట వినగానే మనకు స్ఫురించేది ఉప్పు, ధాన్యం మోసుకుపోయే లంబాడీల ఎద్దుల గుంపు. అందులో ఇల్లు కదలడం ఉంది, బతుకుతెరువు ఉంది, విహారం లేదు. ఇంగ్లండులో 19వ శతాబ్ది చివరి వరకు ఆ మాటకున్న అర్థం కూడా దీనికి దూరం కాదు. చక్రాలపై ఇల్లు జిప్సీలది, జాతర్లలో ప్రదర్శనలిచ్చే వారిది. తరువాత అదే బండి మధ్యతరగతి కుటుంబపు సెలవు దినాల వాహనమైంది. ఈ మార్పు బండి నిర్మాణంలో వచ్చిన ప్రగతి వల్ల మాత్రమే సాధ్యం కాలేదు. రాత్రికి బండి ఎక్కడ ఆపాలి అనే ప్రశ్నకు సంఘటిత సమాధానం దొరకడం వల్ల సాధ్యమైంది. ఆ సమాధానాన్ని ఆచరణలో పెట్టినవి స్థానిక శాఖలు.

2. 'పెద్దమనిషి జిప్సీ' నుంచి క్లబ్బు వరకు

నౌకాదళంలో వైద్యునిగా పనిచేసిన స్కాట్లండు రచయిత విలియమ్ గోర్డన్ స్టేబుల్స్ బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ వారిచేత 'ది వాండరర్' అనే బండిని ప్రత్యేకంగా చేయించుకున్నాడు. విహారం కోసమే నిర్మించిన తొలి కారవాన్‌గా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. 1885లో ఆయన రెండు గుర్రాలు పూన్చిన ఈ బండిలో ఇంగ్లండు దక్షిణ భాగంలోని ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ వరకు ప్రయాణించి, ఆ అనుభవాలను 1886లో పుస్తకంగా ప్రకటించాడు. తనను తాను 'పెద్దమనిషి జిప్సీ'గా చెప్పుకున్నాడు. ఈ విశేషణం గమనించదగినది. జిప్సీ జీవితంలోని స్వేచ్ఛను స్వీకరిస్తూనే, తాను జిప్సీని కాననే సంగతిని ఇది లోకానికి తెలియజేస్తుంది.

ఆ ప్రయాణంలో స్టేబుల్స్ సేవకుడు మూడు చక్రాల సైకిలుపై ముందుగా సాగిపోయేవాడు. ఎదురుగా వచ్చే వాహనాలను హెచ్చరించడం, రాత్రి మజిలీకి, గుర్రాలకు చోటు వెతకడం అతని పని. సంపన్నునికి సేవకుడు చేసిపెట్టిన ఈ పనినే తరువాతి కాలంలో సామాన్య సభ్యుల కోసం స్థానిక శాఖ చేసిందని చెప్పవచ్చు.

సంఘాల స్థాపన రెండు మార్గాల్లో జరిగింది. మొదటిది గుడారం మార్గం. బాల్యంలో, 1853లో, అమెరికా మైదానాలను బళ్ల వరుసతో దాటిన థామస్ హైరమ్ హోల్డింగ్ అనే దర్జీ 1901లో సైకిలు గుడారవాసుల సంఘాన్ని ప్రారంభించాడు. అదే నేటి క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్. రెండవది బండి మార్గం. 1907లో జె. హారిస్ స్టోన్ చొరవతో లండన్‌లో కారవాన్ క్లబ్ ఏర్పడింది. స్టేబుల్స్ దానికి ఉపాధ్యక్షులలో ఒకడు. 1919లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎకిల్స్ సంస్థ మోటారు కారు వెనుక లాగే కారవాన్ల తయారీకి పూనుకోవడంతో గుర్రం అవసరం తొలగింది. 1950వ దశకంలో వ్యాను లోపలే పడక, పొయ్యి అమర్చిన మోటారు కారవాన్లు ప్రాచుర్యం పొందాయి. వాటి యజమానుల కోసం 1960లో మోటార్ కారవానర్స్ క్లబ్ వెలసింది. కారవాన్ క్లబ్ 2017లో తన పేరును కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్‌గా మార్చుకోవడం ఈ వాహనాల ప్రాబల్యానికి నిదర్శనం.

సభ్యులు పెరిగిన కొద్దీ ఒక్క లండన్ కార్యాలయం దేశమంతటా మజిలీలను చూసుకోలేదు. అందువల్ల ప్రాంతీయ విభాగాలు ఏర్పడ్డాయి. కారవాన్ క్లబ్ వాటిని 'సెంటర్లు' అంది. క్యాంపింగ్ క్లబ్ 'డిస్ట్రిక్ట్ అసోసియేషన్లు' అంది. మోటార్ కారవానర్స్ క్లబ్ 'గ్రూపులు' అంది. పేర్లు వేరైనా పని ఒకటే.

3. చట్టం ఇచ్చిన మినహాయింపు

ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న యుద్ధానంతర బ్రిటన్‌లో అనేక కుటుంబాలు కారవాన్లలోనే స్థిరంగా కాపురముండవలసి వచ్చింది. ఈ స్థితిపై సర్ ఆర్టన్ విల్సన్ సమర్పించిన నివేదిక 1959లో వెలువడింది. మరుసటి ఏడాది కారవాన్ స్థలాలు, అభివృద్ధి నియంత్రణ చట్టం వచ్చింది. దీని ప్రకారం ఏ భూమినైనా కారవాన్ స్థలంగా వాడాలంటే ఆ భూమిని అనుభవిస్తున్నవారు స్థానిక మండలి నుంచి లైసెన్సు పొందాలి. లైసెన్సుకు ముందు ప్రణాళికా అనుమతి ఉండాలి.

ఈ నియమం యథాతథంగా అమలైతే వారాంతపు విహారం దాదాపు అసాధ్యమయ్యేది. ఒక రైతు తన పొలంలో మూడు రాత్రులు బళ్లు ఆపుకోనివ్వడానికి ఈ ప్రక్రియ అంతా నడపడు. అందుకే చట్టపు మొదటి అనుబంధంలో కొన్ని మినహాయింపులు చేర్చారు. వాటిలో మన పరిశీలనకు సంబంధించినవి మూడు:

అ) ప్రభుత్వం నుంచి మినహాయింపు పత్రం పొందిన సంస్థ స్వయంగా అనుభవిస్తూ, పర్యవేక్షించే స్థలాలకు లైసెన్సు అవసరం లేదు.

ఆ) అటువంటి సంస్థ ధ్రువీకరించిన స్థలంలో ఒకేసారి 5 కారవాన్లకు మించకుండా సభ్యులు బస చేయవచ్చు. ఆ ధ్రువీకరణ ఏడాదికి మించి చెల్లదు, తిరిగి పొందాలి.

ఇ) సంస్థ పర్యవేక్షణలో, 5 రోజులకు మించకుండా జరిగే సభ్యుల సమావేశాలకు లైసెన్సు అవసరం లేదు.

మూడవ మినహాయింపే స్థానిక శాఖకు ప్రాణాధారం. క్లబ్బుల పరిభాషలో ఈ సమావేశాన్ని 'ర్యాలీ' అంటారు. తెలుగు పత్రికల్లో ర్యాలీ అంటే ఊరేగింపు. ఇక్కడ మాత్రం ఒక పొలంలోనో, పాఠశాల మైదానంలోనో కొన్ని బళ్లు కలిసి గడిపే వారాంతం. ఇందులో 'పర్యవేక్షణ' అనే మాట అత్యంత కీలకం. ప్రభుత్వం నియంత్రణను వదులుకోలేదు. దానిని సంస్థకు అప్పగించింది. సంస్థ శాఖకు, శాఖ ఒక సభ్యునికి అప్పగిస్తుంది.

4. శాఖ నిర్వహణ

శాఖకు వార్షిక సర్వసభ్య సమావేశంలో ఎన్నికైన కమిటీ ఉంటుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారితో పాటు ర్యాలీల కార్యదర్శి ముఖ్యుడు. వీరెవరికీ జీతం లేదు. ర్యాలీల కార్యదర్శి నెలల ముందుగానే ఏడాది పట్టికను సిద్ధం చేస్తాడు. ఒక్కొక్క ర్యాలీ బాధ్యతను మార్షల్‌గా వ్యవహరించే సభ్యుడు స్వీకరిస్తాడు.

మార్షల్ పనులు చిన్నవిగా కనిపిస్తాయి. భూయజమాని అనుమతి తీసుకోవడం, ద్వారం వెడల్పు చూడడం, తాగునీటి కుళాయి, మరుగుదొడ్డి వ్యర్థాలు పారబోసే చోటు నిర్ణయించడం, వచ్చిన బళ్లను వరుసలో నిలపడం, అగ్నిప్రమాద నివారణకు బండికీ బండికీ మధ్య కనీసం 6 మీటర్ల ఎడం పాటింపజేయడం, రుసుము వసూలు చేసి కోశాధికారికి లెక్క చెప్పడం, చివరగా పొలాన్ని యథాస్థితిలో అప్పగించడం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నష్టం ఆ వారాంతంతో ఆగదు. పొరుగువారి ఫిర్యాదు మండలికి చేరుతుంది. మరుసటి ఏడాది ఆ రైతు పొలం ఇవ్వడు. ఫిర్యాదులు పెరిగితే సంస్థ మినహాయింపు పత్రమే ప్రశ్నార్థకమవుతుంది. ఒక శాఖ చేసిన తప్పు దేశంలోని శాఖలన్నిటి స్వేచ్ఛకు ముప్పు తెస్తుంది. స్వచ్ఛంద సేవకుని చేతిలోని జాబితా ఇక్కడ చట్టపరమైన బాధ్యతగా మారుతున్నది.

మోటార్‌హోమ్‌ల రాకతో ఈ నిర్వహణలో కొత్త ఇబ్బందులు వచ్చాయి. లాగే కారవాన్‌ను పొలంలో విడిచి కారులో ఊళ్లోకి వెళ్లిరావచ్చు. మోటార్‌హోమ్‌లో వచ్చినవారు పాల సీసా కోసం వెళ్లాలన్నా ఇల్లంతటినీ కదిలించాలి. టన్నుల బరువున్న వాహనం వానకు తడిసిన పచ్చికలో దిగబడితే ట్రాక్టరు తెప్పించాలి. అందువల్ల మోటార్‌హోమ్ శాఖలు నడిచి చేరుకోగల ఊరు, బస్సు సౌకర్యం, గట్టి నేల ఉన్న స్థలాలను వెతుక్కోవలసి వస్తుంది. ఒక వాహన నిర్మాణం సంఘ నిర్వహణ రీతిని నిర్దేశించడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ వ్యవస్థకు ఒక బలహీనత ఉంది. ర్యాలీకి వచ్చేవారు ఎందరున్నా బాధ్యత తీసుకునేవారు కొందరే. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి పదవికి ఎవరూ ముందుకు రాకపోతే, సభ్యులున్నా శాఖ నిలవదు. శాఖ లేకపోతే పర్యవేక్షణ లేదు. పర్యవేక్షణ లేకపోతే మినహాయింపు వర్తించదు.

5. మినహాయింపు దక్కనివారు

1960 చట్టంలోని 23వ సెక్షన్ ఉమ్మడి భూముల్లో కారవాన్లు నిలపడాన్ని నిషేధించే అధికారాన్ని గ్రామీణ జిల్లా మండళ్లకు ఇచ్చింది. తరతరాలుగా జిప్సీలు ఆగుతూ వచ్చిన చోట్లు ఇవే. లైసెన్సు లేని ప్రైవేటు స్థలాల్లోనూ వారికి చోటు కరువైంది. మిగిలింది రోడ్డు పక్క. అక్కడ 1959 నాటి రహదారుల చట్టం 127వ సెక్షన్ ఎదురైంది. రహదారిపై మకాం వేసిన జిప్సీని ఆ సెక్షన్ పేరు పెట్టి నేరస్థుణ్ణి చేసింది.

1967లో మిల్స్ వర్సెస్ కూపర్ వ్యాజ్యంలో ఈ 'జిప్సీ' పదానికి అర్థం చెప్పవలసిన అవసరం న్యాయస్థానానికి కలిగింది. అది జాతివాచకం కాదని, స్థిరనివాసం, స్థిరమైన ఉపాధి లేక సంచరించే వ్యక్తి అని న్యాయస్థానం నిర్వచించింది. ఈ నిర్వచనాన్ని తిరగవేసి చూస్తే క్లబ్బు సభ్యుని స్వరూపం కనిపిస్తుంది. అతడూ బండిలో నివసిస్తాడు, అతడూ సంచరిస్తాడు. కాని తిరిగి చేరడానికి అతనికొక ఇల్లుంది. స్టేబుల్స్ 'పెద్దమనిషి' అనే విశేషణంతో సూచించిన భేదాన్నే ఎనభై ఏళ్ల తరువాత చట్టభాష స్థిరపరిచింది.

ఎరిక్ లబ్బక్ ప్రవేశపెట్టిన 1968 కారవాన్ స్థలాల చట్టం జిప్సీలకు మజిలీలు కల్పించే బాధ్యతను స్థానిక ప్రభుత్వాలపై ఉంచింది. 1994 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ఆ బాధ్యతను రద్దు చేసింది. ఈ కాలమంతటా క్లబ్బుల మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇందుకు స్థానిక శాఖల సభ్యులను దోషులుగా భావించడం సరికాదు. వారు నియమాలను పాటించారు, పొలాన్ని శుభ్రంగా అప్పగించారు. కాని నమోదైన సంఘం, ఎన్నికైన కమిటీ, లిఖిత నియమావళి, శాశ్వత చిరునామా ఉన్నవారికే అందే స్వేచ్ఛ అది. కుటుంబ బంధంతో, మౌఖిక కట్టుబాటుతో సాగే సంచార సమూహం తన క్రమశిక్షణను రుజువు చేసుకోవడానికి ఆ చట్టంలో మార్గం లేదు.

6. తెలుగు నేల నుంచి చూపు

ఈ భేదం తెలుగు పరిశోధకులకు అపరిచితం కాదు. అదే బ్రిటిష్ పాలన 1871లో భారతదేశంలో నేరస్థ తెగల చట్టాన్ని తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఉప్పు, ధాన్యాల రవాణాతో బతికిన ఎరుకలవారు రైళ్ల రాకతో జీవనాధారం కోల్పోయి, నేరస్థ తెగగా నమోదయ్యారు. బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురం వారిని ఒకచోట కట్టిపడేసిన సెటిల్‌మెంటు. నమోదైన వ్యక్తి తన హద్దు దాటాలంటే పాసు కావాలి, హాజరు వేయించుకోవాలి. లండన్‌లో కారవాన్ క్లబ్ తన సభ్యులకు సభ్యత్వం ఇస్తున్న సంవత్సరాలూ ఇవే. రెండూ సంచారికి సంబంధించిన కాగితాలే. ఒకటి కదలడానికి హక్కునిచ్చింది. మరొకటి కదలికను నేరం చేసింది. ఒకటి మరొకదానికి కారణమని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. సంచారాన్ని సంచారి సామాజిక స్థాయిని బట్టి తూచే దృష్టి రెండుచోట్లా ఒకటేనని మాత్రం చెప్పవచ్చు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర ఎంతకాలం వెంటాడిందో మన సమకాలీన సాహిత్యం చెబుతూనే ఉంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

● విహార సంచారానికి ఆధారం వాహనం కన్నా మజిలీ. సేవకుడు వెతికిపెట్టిన మజిలీని సామూహికంగా సమకూర్చిన వ్యవస్థ స్థానిక శాఖ.

● 1960 చట్టపు మినహాయింపులు స్థానిక శాఖను వినోద సమితి స్థాయి నుంచి ప్రభుత్వ పర్యవేక్షణకు ప్రత్యామ్నాయ స్థాయికి చేర్చాయి.

● జీతం లేని కార్యదర్శి, మార్షల్ చేసే చిన్న పనులే ఆ చట్టబద్ధ స్వేచ్ఛను ప్రతి వారాంతం నిలబెడుతున్నాయి.

● అదే కాలంలో, అదే చట్టంతో, స్థిరనివాసం లేని సంచారులు తమ మజిలీలను కోల్పోయారు.

సంచార జాతులపై తెలుగులో వచ్చిన పరిశోధనలు ఎక్కువగా వారి కళలు, భాష, ఆచారాల చుట్టూ సాగాయి. వారు రాత్రిపూట ఎక్కడ ఆగారు, ఎవరి అనుమతితో ఆగారు, ఆ అనుమతి ఎప్పుడు, ఎందుకు నిరాకరించబడింది అనే కోణం నుంచి మన బిడారుల చరిత్రను కూడా తిరిగి చదవవలసిన అవసరం ఉంది.