ఒంటి మీదున్న గొంగడికి పురుగు కొట్టది

దగ్గరికి జరుగుర్రి బిడ్డా, మంట మంచిగ అంటుకున్నది. మా కురుమోళ్ల ఇండ్లల్ల గొంగడి ఎట్ల బతికిందో చెప్త, ఇనుర్రి.

అప్పుడు మనయన్నీ నల్ల గొర్లే. దక్కని గొర్లంటరు వాటిని. ఏడాదికి రెండుసార్లు చెరువుల కడిగి, ఉన్ని కత్తిరిస్తుండిరి. ఆడోళ్లం ఆ ఉన్ని ఏకి, రాట్నం మీద వడుకుతుంటిమి. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడకబెట్టి, ఆ గంజి పడుగుకు పట్టిస్తే దారం గట్టిపడుతుండె. గుంట మగ్గం మీద నేసిన ఆ గొంగడే వానకు కొప్పెర, చలికి దుప్పటి, మంద కాడ పరుపు. మా కులదేవుడు బీరప్ప పండుగకు భుజాన అదే.

రోజూ వాడే ఆ గొంగడికి పురుగు కొట్టుడు మేం చూడలే. పొద్దున లేస్తే దులుపుడే, పగలంత ఎండల తిరుగుడే. పురుగుకు కుదురు దొరకకపోతుండె.

ఆ పురుగు చెద గాదు. ఎండుగడ్డి రంగున్న రెక్కల పురుగు, గోరంత గూడ ఉండది. దీపం కాడికి రాదు, చీకటి మూలకే ఉరుకుతది. రెక్కలొచ్చినంక అదేం తినది. ఉన్ని మీద గుడ్లు పెట్టి సస్తది. ఆ గుడ్ల నుంచి వచ్చే తెల్ల పురుగే ఉన్నిని కొరుకుతది. ఇంకోటి చిన్న పెంకు పురుగు. పెద్దగైనంక పూల మీద పుప్పొడి తింటది గని, దాని పిల్ల మాత్రం ఒళ్లంత బూరుతోని ఉన్నిల, ఈకలల్ల, వెంట్రుకలల్ల బతుకుతది. రెండిటికీ చెమట, కూర మరకలున్న కాడనే ఆకలెక్కువ.

తర్వాత కాలం మారింది. ఉన్నికి ధర లేకపాయె. మాంసానికని నెల్లూరు గొర్లొచ్చినయి, వాటికి కత్తిరించేంత ఉన్నే ఉండది. మగ్గం గుంటలు పూడిపాయె, మిల్లు రగ్గులొచ్చె. గొంగడి ఒంటి మీది నుంచి సందూకల పడ్డది. ఇగ పురుగుకు తిండి, చీకటి, నెమ్మది మూడూ ఒక్క కాడనే దొరికినయి.

వేపాకు, వస కొమ్ము మేం గూడ పెడుతుంటిమి. కొత్త పురుగు రాకుండ అవి కొంత ఆపుతయేమో గని, లోపల చేరినదాన్ని సంపయి. కలరా ఉండలు పసిపిల్లలకు కప్పే బట్టలల్ల అసలే పెట్టొద్దు, కొందరు పిల్లలకు ఆ వాసనతోనే రక్తం దెబ్బతింటదని డాక్టర్లు చెప్తరు.

మరి ఏం జెయ్యాలె? దాచేముందు మరకలు లేకుండ ఉతికి, బాగ ఆరబెట్టుర్రి. ఎండకాలం మిట్టమధ్యాహ్నం బండ మీద పరిచి, తిప్పి తిప్పి ఎండబెట్టుర్రి. అంచులు, కుట్లు, మడతలు వెతికి బ్రష్‌తోని దులుపుర్రి, గుడ్లు ఆడనే దాగుంటయి. సందూక మూలలల్ల దుమ్ము, వెంట్రుకలు ఊడ్చి పారెయ్యుర్రి. స్వెటరు, శాలువ అసొంటి చిన్నయి అయితే కవరుల గట్టిగ మూటగట్టి ఫ్రీజర్ల వారం రోజులుంచితే పురుగు, గుడ్డు రెండూ సస్తయి.

అన్నిటికన్నా పెద్ద మందు వాడుకం. మీ ఇండ్లల్ల తాతల గొంగడి ఉంటే గుర్తుకని మడతబెట్టి దాచకుర్రి. బొక్క పడితే ఉన్ని దారంతోని కుట్టుర్రి, చలికి కప్పుకోర్రి, పిల్లల కింద పరుచుర్రి. ఇంక నేసే ఊర్లు కొన్నున్నయి, శాతనైతే ఒకటి కొనుర్రి. గొంగడిని కప్పుకునే మనిషి ఉంటేనే నేసే మనిషి గూడ బతుకుతడు.