విదేశంలో కొన్న ఇంజనుకి వారంటీ ఏ ఊరి దాకా చెల్లుతుంది?



గోదావరి లంకల్లో పొలాలున్న మీకు పడవ ఇంజను విలువ నేను చెప్పక్కర్లేదు. కూలీలు దాటాలన్నా, అరటి గెలలు ఒడ్డుకి చేరాలన్నా అదే దిక్కు. గల్ఫ్‌లో ఉన్న బావగారి చేతో, అన్న కొడుకు చేతో అక్కడ ఇంజను కొనిపించి తెప్పించుకుందామా అని ఆలోచించే వాళ్లుంటారు. కంపెనీ అదే, మన దగ్గర కూడా ఆ కంపెనీ డీలరు ఉన్నాడు, కార్డు మీద వారంటీ అని రాసుంది. మరి పాడైతే ఇక్కడ ఉచితంగా బాగుచేస్తారా? చాలాసార్లు చెయ్యరండి. "ఇది మేం అమ్మింది కాదు" అంటారు. వినడానికి మోసంలా ఉంటుంది గానీ, దీని వెనకాల వందేళ్ల కథ ఉంది.

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారుని 1909లో అమెరికాలో అమ్మకానికి పెట్టి, ఊరూరా తెలిసేలా చేసినవాడు ఓలే ఎవిన్రూడ్. పుట్టింది నార్వేలో, చిన్నప్పుడే అమెరికా వెళ్లిపోయిన కుటుంబం. ఆ మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు, ధర 62 డాలర్లు. దాన్ని మొదట్లోనే పెద్ద ఎత్తున కొన్నవాళ్లలో నార్వే, డెన్మార్క్ వైపు జాలర్లు ఉన్నారు. న్యూయార్క్‌లో ఉన్న ఒక ఎగుమతి వ్యాపారి వేల లెక్కన అటు పంపించాడు. అంటే ఈ సరుకు పుట్టిన కొత్తలోనే సముద్రం దాటింది. ఇంజను దాటింది సరే, దాన్ని బాగుచేసే మనిషి దాటాలి కదా?

ఆ రోజుల్లో కంపెనీ హామీ ఎలా ఉండేదో తెలియాలంటే ఒక కారు కేసు చూడాలి. 1955లో అమెరికాలో ఒకాయన భార్య కోసం కొత్త ప్లిమత్ కారు కొన్నాడు. పది రోజులకే స్టీరింగ్ పట్టు తప్పి, ఆవిడ నడుపుతున్న కారు గోడకి గుద్దుకుంది. ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ఏముందంటే, 90 రోజులు లేదా 4000 మైళ్లు, ఏది ముందైతే అది. పాడైన భాగాన్ని కొన్నవాడే రవాణా ఖర్చు ముందే కట్టి ఫ్యాక్టరీకి పంపాలి. కంపెనీ చూసి, తనకి నమ్మకం కలిగితే ఆ భాగం మార్చి ఇస్తుంది. అంతే, ఇంకే బాధ్యతా లేదు. అక్కడి కార్ల కంపెనీల సంఘం అంతా ఇదే మాట వాడేది, కాబట్టి ఇంకో కొట్టుకి పోయినా లాభం లేదు. 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఈ షరతు చెల్లదంది. 1975లో అక్కడ వారంటీ మీద ప్రత్యేకంగా చట్టమే వచ్చింది.

ఫ్యాక్టరీ పక్క రాష్ట్రంలో ఉన్నవాడికే ఇంత కష్టం. ఫ్యాక్టరీ నార్వేలో ఉండి, ఇంజను కేరళలో ఉంటే? ఇది ఊహించి అడుగుతున్నది కాదు, నిజంగా జరిగింది.

1952 అక్టోబరులో మన దేశం, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. 1953 నుంచి కొల్లం పక్కన నీండకర, శక్తికుళంగర ఊళ్లలో పని మొదలైంది. అప్పటికి అది తిరువాన్కూర్-కొచ్చిన్ రాష్ట్రం. ముందు అక్కడి నాటు పడవలకే మోటార్లు బిగించి చూశారు, కుదరలేదు. తర్వాత 22 అడుగులు, 25 అడుగుల కొత్త రకం చిన్న పడవలు కట్టి ఇంజన్లు పెట్టారు. నార్వేవాళ్ల పనిలో నాకు నచ్చింది ఏంటంటే, ఇంజన్లు దింపేసి చేతులు దులుపుకోలేదు. వర్క్‌షాపు పెట్టారు, పడవలు కట్టే యార్డు పెట్టారు, ఐస్ ఫ్యాక్టరీ, ఆస్పత్రి, మంచినీళ్లు కూడా ఏర్పాటు చేశారు. స్థానిక కుర్రాళ్లకి ఇంజను పని నేర్పారు. కార్డు తీసుకుని ఓస్లోకి ఉత్తరం రాయాల్సిన అవసరం జాలరికి లేకుండా పోయింది.

తక్కిన కథ అంత తీపిగా లేదులెండి. రొయ్యకి ఎగుమతి ధర వచ్చాక పెద్ద పడవలు డబ్బున్నవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి, చిన్న జాలర్లకీ ట్రాలర్లకీ గొడవలు ముదిరాయి. 1988లో కేరళ ప్రభుత్వం వానాకాలంలో ట్రాలింగ్ ఆపింది. అది వేరే పోస్టు.

1980 దాటాక కేరళలో నాటు పడవలకి దిగుమతి ఔట్‌బోర్డ్ మోటార్లు వేగంగా వచ్చాయి. ఇక్కడ ఇంకో మెలిక చూడండి. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు సరదాకి నడిపే పడవకి ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి, బతుకుతెరువుకి నడిపే పడవకి తక్కువ కాలం ఇస్తాయి. గంటలు ఎక్కువ తిరుగుతుంది కాబట్టి అంటారు. లెక్క ప్రకారం సరే, కానీ ఇంజను మీదే కడుపు నింపుకునేవాడికి గ్యారంటీ తక్కువ అంటే మనసు ఒప్పుకోదు.

వారంటీ లేకుండానే బతికిన ఇంజన్లూ ఉన్నాయి. ఇంగ్లాండు లిస్టర్ కంపెనీవాళ్ల నెమ్మది ఇంజను 1930 ప్రాంతంలో వచ్చింది, నిమిషానికి 600 చుట్లు. దాన్ని చూసి రాజ్‌కోట్‌లో అదే అచ్చున ఇంజన్లు పోశారు. పిస్టను, లైనరు, రింగులు ఇక్కడే దొరికాయి, విప్పి బిగించగల మెకానిక్కులూ తయారయ్యారు. ఆ ఇంజను ఇంగ్లాండులో కొన్నదా, గుజరాత్‌లో పోసిందా అని మెకానిక్కు అడిగే పని లేదు.

ఇప్పుడు మళ్లీ గల్ఫ్ ఇంజను దగ్గరికొద్దాం. ఉచిత రిపేరు చేసిన డీలరుకి కూలీ, సామాను ఖర్చు ఎవరో తిరిగి ఇవ్వాలి. సాధారణంగా ఆ దేశంలో సరుకు అమ్మిన కంపెనీ శాఖో, దిగుమతిదారో ఇస్తారు. దుబాయ్‌లో కట్టిన డబ్బులో మన కాకినాడ డీలరు రిపేరు ఖర్చు కలవలేదు. అందుకే దేశం దాటిన కార్డు చెల్లడం లేదు. కొన్ని కంపెనీలు అన్ని దేశాల్లో చెల్లేలా ఇస్తాయి, కానీ ఆ మాట కార్డు మీద రాసి ఉండాలి.

ఇక్కడే కొంటే మాత్రం చట్టం మన పక్కన కొంత ఉంది. 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు అంటుంటే, స్వయంగా నడుపుకుని పొట్టపోసుకునేవాడికి అది వర్తించదని 1993లో వివరణ చేర్చారు. తానే ఆటో కొని నడుపుకునేవాడూ వినియోగదారుడే అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత పడవ నడుపుకునేవాడికీ ఇదే వాదన. 2019 చట్టంతో మనం ఉండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు. దుబాయ్ షాపువాడి మీద మన జిల్లా కమిషన్ ఆర్డరు ఇచ్చినా, దాన్ని అక్కడ అమలు చేయించడం మన వల్ల అయ్యే పని కాదు.

కొనేముందు వారంటీ పుస్తకంలో ఏయే దేశాల్లో చెల్లుతుందో, బతుకుతెరువు వాడకానికి ఎన్నాళ్లో చూడండి. బిల్లు మీద ఇంజను నంబరు ఉందో లేదో కూడా చూడండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే ఆ పేజీ ఫొటో తీసి కింద పెట్టండి, కలిసి చదువుదాం.