పరిశోధనా సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మన కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు బెంగళూరు, చెన్నై, పూణే, భువనేశ్వర్‌లలో పరిశోధన చేస్తున్నారు. వారు వాడే కంప్యూటర్ ప్రోగ్రాములు చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. అలా దొరికేవాటికి కూడా ఏటా ఖర్చు ఉంటుంది. దాన్ని ఎవరు, ఎలా భరిస్తున్నారో ఇక్కడ వివరిస్తున్నాము.

పరిశోధనా సాఫ్ట్‌వేర్ అంటే శాస్త్రవేత్తలు తమ పని కోసం తామే రాసుకున్న ప్రోగ్రాములు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి తన లెక్క తేల్చుకోవడానికి ఒకటి రాస్తాడు. పక్క ల్యాబ్ వాళ్లు అడిగి తీసుకుంటారు. పదేళ్లకు ఎక్కడెక్కడి వాళ్లో దాని మీద ఆధారపడతారు. బ్రిటన్‌లో 2014లో 15 విశ్వవిద్యాలయాల పరిశోధకులను అడిగితే 92 శాతం మంది ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడుతున్నామన్నారు. అది లేకపోతే తమ పని సాగదని 69 శాతం మంది చెప్పారు.

ఒకసారి రాసిన ప్రోగ్రాముకు మరమ్మతు ఎందుకని అడిగేవారున్నారు. ప్రోగ్రాము అలాగే ఉన్నా దాని చుట్టూ ఉన్నవన్నీ మారుతుంటాయి. పైథాన్ భాష 2వ వెర్షన్‌కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. అందులో రాసినవాటిని ఎవరైనా కూర్చుని 3వ వెర్షన్‌కు మార్చాలి. మార్చే మనిషి లేనివి అక్కడే నిలిచిపోయాయి. ఆ కాలంలోనే 'రీసైన్స్ సీ' అనే పత్రిక, పదేళ్లు దాటిన మీ సొంత ప్రోగ్రామును మళ్లీ నడిపి చూపండని పరిశోధకులకు సవాలు విసిరింది. అందుకోసం పాత కంప్యూటర్లు వెతుక్కున్నవారు కూడా ఉన్నారు. మన సంఘాల పాత సావనీర్ల సంగతి తెలిసిందే కదా! అప్పటి డీటీపీ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. సావనీరు అయితే మళ్లీ టైపు చేయించుకోవచ్చు. ఒక మందు మోతాదును లేదా వాన అంచనాను లెక్కగట్టిన ప్రోగ్రాము నడవకపోతే ఆ ఫలితాన్ని సరిచూసే దారి మూసుకుపోతుంది.

చిక్కంతా గ్రాంటు పద్దుల్లో ఉంది. గుమాస్తా ఉద్యోగం చేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మన దేశంలో పరిశోధన ప్రాజెక్టుకు సాధారణంగా మూడేళ్ల గడువు. పద్దులు చూస్తే ఎక్విప్‌మెంట్, మాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, కంటిన్జెన్సీ, ఓవర్‌హెడ్. ఉన్న ప్రోగ్రామును బాగుచేయడానికంటూ వేరే పద్దు కనిపించదు. గడువు తీరగానే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపి ఫైలు మూసేస్తారు. మాన్‌పవర్ పద్దులో జీతం తీసుకున్న కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోతాడు, ప్రోగ్రాము లోపలి కిటుకులన్నీ అతనితోనే పోతాయి. కొత్త దరఖాస్తు పెడితే కమిటీ అడిగే మొదటి ప్రశ్న, ఇందులో కొత్తేముంది అని. విదేశాల్లోనూ వరస ఇదే.

ఇందుకు మంచి ఉదాహరణ నంపై. పెద్దపెద్ద అంకెల పట్టికలతో లెక్కలు చేసే పైథాన్ ప్రోగ్రాము ఇది. అంతకుముందున్న రెండు ప్రోగ్రాములను కలిపి ట్రావిస్ ఓలిఫాంట్ దీన్ని తయారుచేయగా, 2006లో 1.0 వెర్షన్ వచ్చింది. గురుత్వ తరంగాలను పట్టిన లైగో పరిశోధకులు, 2019లో కృష్ణబిలం చిత్రాన్ని విడుదల చేసినవారు దీన్ని వాడినవారే. ఇంత ముఖ్యమైనదానికి ప్రత్యేకంగా నిధి దొరికింది 2017లో. అమెరికాలోని మూర్ ఫౌండేషన్ సుమారు 6.45 లక్షల డాలర్లు ఇచ్చింది, స్లోన్ ఫౌండేషన్ కూడా చేయి కలిపింది. అంతవరకు నడిచిందంతా ఎక్కువగా ఎవరి తీరిక సమయంలో వారు చేసిన సేవే. గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌ది ఇంకో కథ. దాన్ని మొదలుపెట్టిన జాన్ హంటర్ 2012లో కన్నుమూశారు. మిగతావారు బరువు ఎత్తుకున్నారు కాబట్టి అది నిలిచింది. ఒక్క మనిషి మీద ఆధారపడిన సంఘం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పూర్వం రాయలసీమ, మైసూరు ప్రాంతాల్లో చెరువు తవ్వించి బాగోగులు చూసేవారికి దశబంధం మాన్యం ఇచ్చేవారు. మాన్యంతో పాటు గట్టు మరమ్మతు బాధ్యత కూడా వచ్చేది. సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి ఏర్పాటు కోసం కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 2012లో ఏర్పడిన నమ్‌ఫోకస్ అనే లాభాపేక్ష లేని సంస్థ విరాళాలు పోగుచేసి ప్రాజెక్టులకు అందిస్తుంది. చాన్ జుకర్‌బర్గ్ సంస్థ 2019 నుంచి ప్రధానంగా ఉన్నవాటి నిర్వహణకే గ్రాంట్లు ఇచ్చింది. బ్రిటన్‌లో 2010లోనే సాఫ్ట్‌వేర్ సస్టెయినబిలిటీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఈ పని చేసేవారికి 'రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అనే హోదా పేరు 2012లో అక్కడి సమావేశంలోనే పుట్టింది. ఉద్యోగానికి పేరుంటేనే జీతం పద్దు తెరుచుకుంటుంది, కాబట్టి ఇది చిన్న విషయమని మేము అనుకోము. చందా దారి పట్టినవి కూడా ఉన్నాయి. మొక్కల జన్యు సమాచారం అందించే టెయిర్ అనే డేటాబేస్‌కు అమెరికా ప్రభుత్వ నిధి ఆగిపోవడంతో 2013లో అది విశ్వవిద్యాలయాల చందాలకు మారింది. అది బతికింది, కానీ డబ్బు లేని కళాశాలలకు అలాంటి చందా భారమే.

తెలుగుకూ ఇందులో వాటా ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. తమిళం నుంచి తెలుగులోకి అనువదించే 'సంపర్క్' వ్యవస్థను ప్రభుత్వ నిధితో ఐఐఐటీ హైదరాబాద్, ఇతర విద్యాసంస్థలు కలిసి తయారుచేశాయి. 2022లో కేంద్రం 'భాషిణి'ని ప్రారంభించింది. అదే ఏడాది ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ కేంద్రానికి 36 కోట్ల రూపాయల విరాళం వచ్చింది. కొత్తవాటికి డబ్బు రావడం సంతోషమే. రెండు భాషల మధ్య బతికే మనలాంటివారికి మాత్రం, ఇవి పదేళ్ల తర్వాత కూడా పనిచేయడం ఎక్కువ అవసరం.

పరిశోధన చేస్తున్న మన పిల్లలకు ఒక సూచన. థీసిస్‌లో వాడిన ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరు రాయండి. దాని మీద ప్రచురితమైన వ్యాసం ఉంటే ఉదహరించండి. 2016లో మొదలైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనే పత్రిక ఇలాంటి వ్యాసాలను రచయితల దగ్గర రుసుము తీసుకోకుండా ప్రచురిస్తోంది. నిధి అడగడానికి కమిటీ ముందుకు వెళ్లినప్పుడు, తమ ప్రోగ్రామును ఎంతమంది వాడుతున్నారో చూపడానికి నిర్వాహకుల చేతిలో ఉండే ముఖ్యమైన కాగితం ఆ ఉదహరణల లెక్కే.